బావమరిది తల మీద నాలుగు గడులు

ఆ ఆదివారం ఉదయం రెండో కోటు అనే మనిషి చెయ్యదలచుకున్న పని చాలా చిన్నది. శుక్రవారం కుటుంబమంతా సముద్రపు ఒడ్డుకు వెళుతున్నారు కాబట్టి మందుల దుకాణంలో ఎండకు రాసుకునే క్రీము ఒకటి కొనాలి, వచ్చేటప్పుడు పాల ప్యాకెట్టు తేవాలి. పాల ప్యాకెట్టు అతను మరిచిపోయాడు. మిగతాదంతా అంతకన్నా ఘోరంగా జరిగింది.

రెండో కోటు అన్నది రంగుల కంపెనీలో అతనికి పెట్టిన పేరు. గోడలకూ గేట్లకూ ఇనుప రేకులకూ వేసే రంగుల నాణ్యతను పరీక్షించే అధికారి అతను. ఏ డబ్బా తెచ్చి ముందు పెట్టినా, దాని మీద రాసినదంతా అబద్ధమన్న నమ్మకంతోనే పని మొదలుపెడతాడు. పైకాగితం పీకించి, అంకె వేయించి, రేకు ముక్కల మీద పూయించి, కంపెనీ డాబా మీద ఎండలో పెట్టిస్తాడు. రంగు ఎంత చక్కగా నిలిచినా చివరికి "రెండో కోటు పడితే గానీ చెప్పలేం" అంటాడు. ఇంట్లోనూ అదే వరస. టీ బాగుందా అని భార్య అడిగితే, రెండో కప్పు పడితే గానీ చెప్పలేడు.

ఈ ప్రయాణం అతని అమ్మ కోసం. నాన్న పోయి ఏడాది దాటింది. అప్పటి నుంచి ఆమె వీధి గుమ్మం దాటలేదు. ఇంట్లోవాళ్ళు ఆమె చుట్టూ పిల్లి అడుగులు వేసుకుంటూ తిరిగారు. దిండు సర్దేవాళ్ళు ఒకరు, మాత్రలు గుర్తుచేసేవాళ్ళు ఒకరు, గది తలుపులోంచి తల పెట్టి "బాగానే ఉన్నావా?" అని అడిగి జవాబు వినకుండా వెళ్ళేవాళ్ళు ఇంకొకరు. సముద్రానికి వెళదామా అని కోడలు భయం భయంగా అడిగితే, ఆమె సరే అంది. అంతా నోరెళ్ళబెట్టారు. ఆమె పెట్టిన షరతు ఒక్కటే.

"వస్తాను. కానీ నా కోసమని ఎవరూ హడావుడి చెయ్యకూడదు. చేశారా, ఆ పూటే బస్సెక్కి ఇంటికొచ్చేస్తాను. మళ్ళీ నన్ను బయటికి రమ్మని అడక్కండి."

ఆమె ఉత్తుత్తి మాటలాడే మనిషి కాదు. అందుకే భార్య రెండో కోటును వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"ఏవండీ, ఏడాదికి అత్తయ్య ఒక్కదానికి ఊఁ అన్నారు. మీరు నోరు మూసుకుని, చేతులు కట్టుకుని వస్తే చాలు."

"నేనేం చేస్తానే?"

"అదే నా భయం. మీరేం చేస్తారో ముందుగా మీకు కూడా తెలీదు."

నిజానికి అతనికీ ఒక భయం ఉంది. నాన్నకు ఒంట్లో బాగోలేనప్పుడు అందరూ "ఏం కాదులే" అన్నారు. అతనూ అన్నాడు. అప్పటి నుంచి ఆ మాట వింటే అతనికి ఒళ్ళు మండుతుంది. అమ్మకు ఈసారి ఎండ దెబ్బ కూడా తగలడానికి వీల్లేదు. దానికి హడావుడి అక్కర్లేదు, సరైన క్రీము ఉంటే చాలు.

మందుల దుకాణంలో అమ్మాయి గల్లా మీద మూడు ట్యూబులు పరిచింది.

"ఇవి మంచివి సార్. రెండు గంటలకోసారి మళ్ళీ రాసుకోవాలి."

రెండో కోటు నవ్వాడు. అది వృత్తిలో ఉన్నవాడు పక్కవాడి పనితనాన్ని చూసి నవ్వే నవ్వు. "రెండు గంటలకా? మా రంగు వానలో, ఎండలో ఏడేళ్ళు ఉంటుందమ్మా."

"ఇది గోడ కాదు కదా సార్, చర్మం."

"గోడైనా చర్మమైనా పైన పడే ఎండ ఒకటేగా. ఎంత మందంగా పూయాలి? ఆరడానికి ఎంతసేపు? నీళ్ళలో దిగితే పెచ్చులు లేస్తుందా?"

అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. యజమాని బిగ్గరగా ఫోన్ మాట్లాడుతున్నాడు. అవసరం లేకపోయినా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆమె మూడో ట్యూబు చేతిలోకి తీసుకుని, "అన్నట్టు సార్, ఇది మిగతావాటిలాంటిది కాదు, పొరపాట్న ఇందులో పెట్టాను. ఇది..." అంది.

"చెప్పొద్దు!" అని రెండో కోటు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏది ఎలాంటిదో ముందే తెలిస్తే పరీక్ష పాడైపోతుంది. మూడూ ఇచ్చెయ్."

"కాదు సార్, అది అసలు..."

"అమ్మా, ఇరవై ఏళ్ళుగా ఇదే నా పని."

అమ్మాయి మూడూ సంచిలో వేసి ఇచ్చేసింది. విననంటున్న మనిషికి చెప్పడానికి ఆమెకిచ్చే జీతం చాలదు.

ఇంటికి రాగానే అతను మూడు ట్యూబుల్నీ మూడు ఒకేలాంటి సీసాల్లోకి పిండి, ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేశాడు. ఖాళీ ట్యూబులు చెత్తబండిలోకి పోయాయి. కంపెనీలో పద్ధతి అదే. పేరు కనపడితే చూపు మొగ్గుతుంది. ఇక కావలసింది వాటిని పూయడానికి ఒక రేకు. వెడల్పుగా, నున్నగా, అంతా ఒకే రంగులో, ఎండకు ఎదురుగా ఉండాలి. అప్పుడే టీ కోసమని వచ్చిన బావమరిది గుమ్మంలో చెప్పులు విప్పడానికి తల వంచాడు.

ఇతను అతని భార్యకు తమ్ముడు. డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. చాలా చిన్న వయసులోనే జుట్టంతా రాలిపోయింది, మాటలు మాత్రం ఒక్కటీ రాలలేదు.

"ఏవోయ్ బావమరిదీ, ఇవాళ నీకేం పన్లేదుగా?"

"ఏం బావా, సినిమాకా?"

"డాబా మీదికి."

కాసేపటికల్లా బావమరిది డాబా మధ్యలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రంగులు వేసేటప్పుడు అంచులకు అంటించే కాగితపు టేపుతో అతని నెత్తి మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత పడ్డాయి. నాలుగు గడులు తేలాయి. నీళ్ళ ట్యాంకు వైపు గడిలో మొదటి సీసా, వీధి వైపు గడిలో రెండోది, మెట్ల వైపు గడిలో మూడోది. నాలుగోది పక్కింటి వైపున్న గడి, దానికి ఏమీ పుయ్యలేదు. తేడా తెలియడానికి ఒకటి అలా వదిలెయ్యాలి. కంపెనీలో ఏ రేకు ఎక్కడుందో ఇలాగే గుర్తు పెట్టుకుంటారు, ట్యాంకు వైపుది, మెట్ల వైపుది అని. అక్కడ రేకుల్ని చట్రానికి బోల్టులతో బిగిస్తారు. బావమరిదిని దేనికీ బిగించలేదు.

"అక్కా, బావకి నా తలంటే ఎంత గౌరవమో చూశావా?" అని బావమరిది కిందికి కేకేశాడు.

"అందులో ఇంకేమీ లేదని ఆయనకి తెలుసురా!" అని కింది నుంచి జవాబొచ్చింది.

రెండో కోటు కిందికి దిగాక బావమరిది పేపరు చదివాడు. ఎండ కళ్ళల్లోకి కొడుతుంటే కుర్చీని పూర్తిగా వెనక్కి తిప్పుకుని, మొహం మీద పేపరు కప్పుకుని నిద్రపోయాడు. మనిషి తిరిగితే తలా తిరుగుతుంది, తలతో పాటు గడులూ తిరుగుతాయి. ఈ సంగతి అప్పుడు డాబా మీద ఉన్న కాకులకు తప్ప ఎవరికీ తెలియదు.

సాయంత్రం రెండో కోటు టేపు ఊడదీసి చూశాడు. ట్యాంకు వైపు గడి కాల్చిన ఇటుకలా గోధుమరంగుకు తిరిగింది. వీధి వైపు గడి ఎర్రగా కందిపోయింది. మెట్ల వైపు గడి మాత్రం పొద్దున ఎలా ఉందో అలాగే, అద్దంలా ఉంది.

"మూడో సీసా!" అన్నాడు. "తిరుగులేదు. మొదటిదైతే రంగే మార్చేసింది, దాన్ని పారబొయ్యాలి."

కూతురు తొంగిచూసింది. కాలేజీలో చదువుతోంది, చదువుకన్నా ప్రశ్నలు ఎక్కువ. "నాన్నా, మరి ఏమీ రాయని గడి కూడా బాగానే ఉందేంటి?"

రెండో కోటు ఒక్క క్షణం తడబడ్డాడు. ఆ క్షణంలో అతను ఆగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ నచ్చిన ఫలితం చేతికొచ్చాక ఆగడం పరీక్షాధికారులకు అలవాటు లేదు.

"మీ అమ్మవైపు వాళ్ళ తలలు గట్టివే. వాటికి ఎండ ఎక్కదు," అన్నాడు.

అమ్మ తన గది కిటికీలోంచి ఇదంతా విన్నది.

ఆ వారమంతా బావమరిది టోపీ పెట్టుకుని పాఠాలు చెప్పాడు. ఒకరోజు గాలికి టోపీ ఎగిరిపోతే, పక్కన కారు నేర్చుకుంటున్నావిడ రోడ్డు వదిలేసి అతని తల వైపే చూస్తూ కారును డివైడరెక్కించింది.

శుక్రవారం పొద్దున్నే సముద్రపు ఒడ్డున లాడ్జిలో దిగారు. కింది అంతస్తులో పక్కపక్కనే రెండు గదులు, ముందు పొడుగాటి వరండా, ఇనుప గేటు, గేటు బయట రోడ్డు, రోడ్డుకవతల ఇసుక. సముద్రం కనపడదు గానీ వినపడుతుంది. అమ్మ తన సంచిని తలుపు పక్కనే పెట్టుకుంది, విప్పలేదు. నాన్న నల్ల గొడుగును దాని మీద ఆనించి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది.

"అత్తయ్యా, కాస్త పడుకుంటారా? దిండు..." అంటూ కోడలు నాలుక కరుచుకుంది.

ఇంతలో వరండాలోంచి రెండో కోటు గొంతు వినపడింది. "అందరూ వరసగా నిలబడండి. గోడకి తగలొద్దు."

అతని చేతిలో మూడో సీసా, ఇంకో చేతిలో కొత్త స్పాంజి రోలరు ఉన్నాయి. చేత్తో రాస్తే ఒకచోట మందంగా, ఒకచోట పల్చగా పడుతుంది. రోలరుతో అయితే ఒకే పొర పడుతుంది. భార్యకు, కూతురికి, బావమరిదికి, తనకు మొదటి కోటు వేశాడు. అది ఆరేదాకా ఎవరూ కూర్చోకూడదు, ఎవరూ చేతులు ముడుచుకోకూడదు. నలుగురూ చేతులు బారజాపుకుని, ఒకరికొకరు తగలకుండా, వరండాలో తీగ మీద ఆరేసిన చొక్కాల్లా నిలబడ్డారు. కెరటాల చప్పుడు రమ్మని పిలుస్తూనే ఉంది.

"నాన్నా, సముద్రంలోకి ఎప్పుడు?"

"రెండో కోటు ఆరాక."

భార్య పళ్ళు కొరుకుతూ, గొంతు తగ్గించి అంది. "హడావుడి వద్దని ఎంత చెప్పాను మీకు!"

"నేను అమ్మకేమీ చెయ్యట్లేదుగా. మీకు చేస్తున్నాను."

కానీ ఎంతసేపని ఆగగలడు? ఎవరి కోసం ఇదంతా మొదలుపెట్టాడో ఆ మనిషే ఏ పూతా లేకుండా లోపల కూర్చుని ఉంది. అతను రోలరు పట్టుకుని చప్పుడు కాకుండా గదిలోకి వెళ్ళాడు. అమ్మ ముందు రోలరును చూసింది, తర్వాత కొడుకును చూసింది.

"ఒరేయ్, నేను గోడనా?"

"ఒక్క కోటేనమ్మా. చేతులకీ మొహానికీ..."

"నాకు గొడుగుంది. నా సంగతి నాకొదిలెయ్." ఆమె గొంతు పెంచలేదు, అదే అతన్ని భయపెట్టింది. "మధ్యాహ్నం దాకా చూస్తాను. ఇదే తంతు అయితే సాయంత్రం బస్సుంది."

రెండో కోటు రోలరును వీపు వెనక దాచుకుని వెనక్కి నడుచుకుంటూ బయటికొచ్చాడు. ఇక చప్పుడు చెయ్యకూడదని గట్టిగా అనుకున్నాడు. అనుకోవడం పూర్తి కాకముందే వరండా మెట్ల దగ్గర చప్పుడు మొదలైంది.

చేతులు జాపుకుని నిలబడి నిలబడి బావమరిదికి విసుగొచ్చింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తుంటే ఊరుకోలేకపోయాడు. "ఏం చూస్తున్నారు? మా బావ సామాన్యుడనుకున్నారా? దీని మీదే పరిశోధన చేశాడు. బజార్లో దొరికేవన్నీ పక్కన పారేసి ఒక్కటి తేల్చాడు. ఇదిగో, నా తల చూడండి!" అని టోపీ తీశాడు. మెట్ల వైపు నుంచి చూసినవాళ్ళకు అద్దంలాంటి గడి కనపడింది. ఇంకోవైపు నుంచి చూసినవాళ్ళకు కాలిన గడి కనపడింది. రెండువైపులవాళ్ళూ పరిశోధన జరిగిందని ఒప్పుకున్నారు.

మొదట లాడ్జి యజమాని వచ్చాడు. బొద్దుగా ఉంటాడు, బట్టతల, పొద్దస్తమానం ఎండలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. "సైంటిస్టు గారట కదా. మాకూ కాస్త..." అన్నాడు. వెనకే పై అంతస్తులో దిగిన కొత్త జంట వచ్చారు. సాయంత్రం ఒడ్డున ఫోటోలు తీయించుకోబోతున్నారు, మొహాలు కమిలితే బాగుండదు. వాళ్ళ వెనక ఇంకో కుటుంబం. "మా సొంతం కాదండీ, ఊరికే..." అని రెండో కోటు ఏదో అనబోయాడు. కానీ ఇరవై ఏళ్ళలో ఎవరూ అతన్ని సైంటిస్టు అనలేదు. ఆ మాట చెవిలో పడ్డాక చెయ్యి దానంతటదే రోలరును తడిపింది.

"తోసుకోకండి. మొదటి కోటు వాళ్ళు ఎడమవైపు, ఆరినవాళ్ళు కుడివైపు. అయ్యా, కళ్ళజోడు తీస్తే..."

"తీస్తే నాకేమీ కనపడదు సార్," అన్నాడు కొత్త పెళ్ళికొడుకు.

"సరే, ఉంచండి. చుట్టూ పూస్తాను."

పెళ్ళికూతురికి మాత్రం రోలరు పనికిరాదని, తన చేత్తో తానే రాస్తానని పెళ్ళికొడుకు ముచ్చటపడ్డాడు. సీసా అడుగంటింది. రంగు చిక్కబడితే పల్చన చెయ్యడం తెలిసినవాడు కాబట్టి, రెండో కోటు కూతురి చేతులకు రాసుకునే లోషనంతా అందులో కుమ్మరించి కలిపాడు. "అది నాది నాన్నా!" అన్న కూతురి కేక ఆ గోలలో కలిసిపోయింది. వరండా అంతా మనుషులు చేతులు జాపుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్యలోంచి నల్ల గొడుగు ఒకటి ఎవరికీ తగలకుండా వంకరటింకరగా సాగి గేటు దాటి వెళ్ళింది. దాన్ని ఎవరూ చూడలేదు. చూసినా, ఆరేదాకా ఎవరూ కదలకూడదు.

మధ్యాహ్నం కాసేపు, అమ్మ గదిలో పడుకుందనుకుని ఆమె జోలికి పోకుండా, అందరూ లాడ్జి ఎదుటి ఇసుకలో కూర్చుని ధైర్యంగా ఎండ కాచుకున్నారు. ఇంత గట్టి పూత ఉన్నాక గొడుగులెందుకు, టోపీలెందుకు? బావమరిది టోపీని సముద్రంలోకి విసిరేశాడు.

పొద్దు వాలుతుండగా గదిలోంచి కూతురి గొంతు వినపడింది. "నాన్నా! నేను తుప్పు పట్టానా?"

రెండో కోటు పరుగెత్తాడు. కూతురి చేతుల మీద భుజం నుంచి మణికట్టు దాకా ఇటుకరంగు పట్టీలు తేలాయి. రోలరు వెడల్పెంతో పట్టీ వెడల్పు అంత. రెండు పట్టీలు కలిసినచోట ముదురుగా, రోలరు అందనిచోట మామూలుగా ఉంది. భార్య అద్దం ముందు నిలబడి ఉంది. ఆమె నుదుటి మీద అడ్డంగా ఒక పట్టీ, బుగ్గల మీద నిలువుగా రెండు. అద్దంలోంచే భర్తను చూసింది. పెళ్ళయినప్పటి నుంచి అతను ఎప్పుడూ ఇంత భయపడలేదు.

"కడిగితే పోతుందేమో," అన్నాడు.

"మూడుసార్లు కడిగాను," అంది భార్య.

మూడుసార్లు కడిగినా పోని పూతను చూసి అతని మనసులో ఒక మూల, చెప్పుకోలేని చోట, కాస్త మెచ్చుకోలు కలిగింది. దాన్ని అతను వెంటనే అణచుకున్నాడు.

అప్పటికే వరండా నిండిపోయింది. లాడ్జి యజమాని నెత్తి మీద నుంచి గడ్డం దాకా పట్టీలే. పెళ్ళికొడుకు మొహమంతా ఇటుకరంగు, కళ్ళజోడున్నచోట మాత్రం తెల్లటి రెండు గుండ్రాలు. పెళ్ళికూతురి రెండు బుగ్గల మీద అయిదేసి వేళ్ళ ముద్రలు. వాటికి సరిపోయే అరచేతుల్ని పెళ్ళికొడుకు జేబుల్లో దాచుకున్నాడు.

"నేను కొట్టానని వీళ్ళ నాన్న అంటే ఎవరు జవాబు చెప్తారండీ?" అని అతను ఏడవడం ఒక్కటే తక్కువ.

"ఏం పూశావయ్యా మాకు?" అని యజమాని గర్జించాడు.

బావమరిది ముందుకొచ్చాడు. ఈ ప్రయాణంలో అతను నోరు విప్పిన ప్రతిసారీ కొంప మునిగింది. ఈసారీ విప్పాడు. "మర్యాదగా మాట్లాడండి! మా బావ ఎవరనుకున్నారు? రంగుల కంపెనీలో ఆయన సరేనంటే గానీ ఒక్క డబ్బా బయటికి రాదు!"

అందరి చూపులూ రోలరు మీద పడ్డాయి.

"రంగుల కంపెనీయా?" అన్నాడు పెళ్ళికొడుకు.

"గోడలకేసే రంగా?" అంది వెనక నుంచి ఎవరో ఆవిడ. "అందుకే రోలరు!"

యజమాని వెళ్ళి గేటుకు తాళం వేశాడు. "రంగు వదిలేదాకా ఎవరూ ఇక్కణ్ణుంచి కదలడానికి లేదు. నువ్వు అసలే లేదు."

కూతురికి ఒక్కదానికే బుర్ర పనిచేసింది. మందుల దుకాణానికి ఫోన్ చేసి, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినపడేలా స్పీకరు పెట్టింది. అవతల అమ్మాయి అంతా విని నిట్టూర్చింది. "అది ఎండ ఆపే క్రీము కాదు మేడమ్. ఎండలో తిరక్కుండానే తిరిగినట్టు రంగొచ్చే క్రీము. కొంతమందికి అదో సరదా. సార్‌కి చెప్పబోతే చెప్పొద్దన్నారు. వారానికి అదే పోతుందిలెండి. రోలరుతో పూశారా? అయితే పది రోజులు."

"అదెలా!" అన్నాడు రెండో కోటు. "మెట్ల వైపు గడి అద్దంలా ఉంది! నేను కళ్ళారా చూశాను. కుర్చీ అక్కడే, తల అక్కడే..."

"కుర్చీనా?" అన్నాడు బావమరిది. "ఎండ కళ్ళల్లో పడుతుంటే వెనక్కి తిప్పుకున్నాను బావా. ఏం, తిప్పుకోకూడదా?"

రెండో కోటు వరండా మెట్టు మీద కూలబడ్డాడు. ఏమీ పుయ్యని గడి ఎందుకు బాగుందో, ట్యాంకు వైపు గడి ఎందుకు రంగు మారిందో అన్నీ ఒక్కసారిగా వాటి వాటి చోట్లకు చేరుకున్నాయి. మెట్ల వైపు అద్దంలా నిలిచింది మొదటి సీసా గడి అన్నమాట, పారబోసిన ఆ సీసా కళ్ళముందు మెదిలింది. అప్పుడు లోపలి నుంచి భార్య గొంతు వినపడింది. ఈసారి అందులో కోపం లేదు, భయం ఉంది.

"ఏవండీ... అత్తయ్య గదిలో లేరు."

సంచి లేదు. గొడుగు లేదు. కుర్చీ ఖాళీగా ఉంది. సాయంత్రం బస్సుంది అన్న మాట ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

రెండో కోటు గేటు దగ్గరికి వెళ్ళి కమ్ములు పట్టుకున్నాడు. "తాళం తియ్యండి. మా అమ్మ వెళ్ళిపోయింది." ఇందాకటి దాకా ఉన్న గొంతు కాదది. "ఏడాదికి ఇవాళే ఇంట్లోంచి బయటికొచ్చింది. హడావుడి చేస్తే వెళ్ళిపోతానంది. చేశాను. ఇంకెప్పుడూ బయటికి రాదు. తర్వాత మీరు నన్నేం చేసినా సరే, ఇప్పుడు తియ్యండి."

యజమాని అతని మొహంలోకి చూశాడు. తాళం తీశాడు. "నేనూ వస్తాను," అన్నాడు. జాలితో అన్నాడో, పారిపోతాడని అన్నాడో చెప్పడం కష్టం. అతను వస్తున్నాడని మిగతావాళ్ళూ బయల్దేరారు. బస్సు ఆగే చోటు ఒడ్డు వెంట పోయే రోడ్డు చివర ఉంది. ఇటుకరంగు పట్టీల మనుషులు ఒక గుంపుగా ఆ రోడ్డు మీద పరుగెత్తారు. ఎదురొచ్చిన సైకిలువాడు సైకిలు దిగి, గోడకు ఆనుకుని, వాళ్ళు దాటిపోయేదాకా అలాగే నిలబడ్డాడు.

ముందుగా చూసింది కూతురే. "నాన్నా, ఆగు! అదుగో నానమ్మ."

ఆమె సముద్రంలో నిలబడి ఉంది. మోకాళ్ళ లోతు నీళ్ళు, బట్టలు నడుము దాకా తడిసి ఉన్నాయి. ఒడ్డున సంచి ఉంది. దాని మీద కూర్చున్నట్టుగా మధ్యలో సొట్టపడి ఉంది. పక్కన ఇసుకలో గొడుగు గుచ్చి ఉంది, విప్పలేదు. కెరటం వచ్చినప్పుడల్లా ఆమె చిన్నగా ఎగురుతోంది. కెరటం పోయాక ఎవరైనా చూశారేమో అన్నట్టు పక్కలకు చూస్తోంది.

అలా చూసినప్పుడే ఒడ్డున నిలబడ్డ వీళ్ళు కనపడ్డారు. పట్టీల కొడుకు, పట్టీల కోడలు, తుప్పు పట్టిన మనవరాలు, తల మీద గడులున్న కోడలి తమ్ముడు, వెనక ఇటుకరంగు లాడ్జి యజమాని, తెల్ల గుండ్రాల పెళ్ళికొడుకు, బుగ్గలు మూసుకున్న పెళ్ళికూతురు. అందరూ రొప్పుతున్నారు.

అమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందని కొడుకు నీళ్ళలోకి దిగాడు. దగ్గరికి వెళ్ళాక తెలిసింది, నవ్వుతోంది. నవ్వు ఆపుకోలేక అతని భుజం పట్టుకుంది. ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ వినని నవ్వు అది. అది ఎలా ఉంటుందో వాళ్ళు మరిచిపోయారు కూడా.

"ఎవర్రా మీరంతా?" అంది, ఊపిరి తిప్పుకుని.

"నువ్వు బస్సెక్కేశావనుకున్నానమ్మా."

"ఎందుకెక్కుతాను? పొద్దుటి నుంచీ నా వైపు ఒక్కరు చూస్తే ఒట్టు. మాత్ర వేసుకున్నావా అన్న దిక్కు లేదు. ఎంత హాయిగా ఉందనుకున్నావ్!" ఇంకో కెరటం వచ్చింది. ఇద్దరూ కలిసి ఎగిరారు. "మీ నాన్న సముద్రానికి తీసుకెళ్తానని ఏటా అనేవారు. ఏ నెల మంచిదో, ఏ వేళకి నీళ్ళు వెనక్కి పోతాయో, ఏ లాడ్జిలో మంచాలు కిర్రుమంటాయో అన్నీ కనుక్కున్నారు. సముద్రం గురించి ఆయనకి తెలీనిది లేదు. చూడ్డం ఒక్కటే మిగిలిపోయింది."

మాట తోచనప్పుడు మనిషి తనకు తెలిసిన దానిలోకే పోతాడు. అమ్మ ముక్కు ఎర్రగా కందిపోయి ఉండడం రెండో కోటు అప్పుడు చూశాడు.

"ఇంతసేపు ఎండలోనా! ఏమీ రాసుకోకుండా!"

"ఏమీ రాయని గడి బాగానే ఉందని తేల్చారుగా మొన్న," అంది అమ్మ. "ఇంకో రెండు రోజులు ఉందాం. వీళ్ళని వదిలి ఇప్పుడే వెళ్ళలేను, ఒక్కొక్కళ్ళనీ ఇంకా సరిగ్గా చూడలేదు."

గట్టు మీద బావమరిది లాడ్జి యజమానికి తన తల చూపిస్తూ ఏ గడి ఏదో మళ్ళీ మొదటి నుంచి వివరిస్తున్నాడు. యజమాని శ్రద్ధగా వింటున్నాడు. ఇద్దరికీ బట్టతల కాబట్టి సర్దుకున్నట్టున్నారు.

మర్నాడు అమ్మ మళ్ళీ నీళ్ళలోకి దిగింది. రెండో కోటు నిండు చేతుల చొక్కా, మేజోళ్ళు వేసుకుని ఒడ్డున నాన్న గొడుగు కింద కూర్చున్నాడు. గొడుగు గుడ్డలో చిన్న చిల్లు ఉంది, దానిలోంచి ఎండ గుండ్రంగా అతని మోకాలి మీద పడుతోంది. అతను ఆ చిల్లును చాలాసేపు చూసి, ఏ పరీక్షా చెయ్యకుండా, మోకాలు పక్కకు జరుపుకున్నాడు.